కోత పండుగకు నర్సమ్మ ఏం తేవాలి?

డెల్టా పల్లెల్లోని పాత చర్చికి కోత పండుగ రోజున వెళ్తే, పండుగ సంగతి ముందు ముక్కుకే తెలుస్తుంది. కొత్త వడ్లు, ముగ్గిన అరటి గెలలు, కాళ్లు కట్టి గోడవార పెట్టిన కోళ్లు, అన్నీ కలిసిన వాసన అది. బలిపీఠం ముందు వరి కంకుల పనలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, గంపెడు కోడిగుడ్లు, మట్టి పూర్తిగా వదలని కందదుంపలు ఉంటాయి. ఆరాధన ముగిశాక ఆవరణలో వేలంపాట మొదలవుతుంది. సంఘ పెద్ద ఒకాయన గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి పట్టుకుంటాడు. పాట పెరిగి పెరిగి బజారు ధరకు ఎన్నో రెట్లు దాటాక ఎవరో ఒకరు దాన్ని నవ్వుతూ భుజాన పెట్టుకుపోతారు. ఏడాది పొడుగునా ఎండలో వానలో చేసిన పని, ఆ ఒక్క పూట, ఉన్న రూపంలోనే దేవుని ముందుకు వస్తుంది.

గుమ్మడికాయ తెచ్చిన రైతు కూతురు విజయవాడలో నర్సు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అల్లుడు ఆర్టీసీలో కండక్టర్. వాళ్లూ పండుగకు వస్తారు, కవర్లో డబ్బు పెట్టి ఇస్తారు. నాన్న గుమ్మడికాయ తెచ్చాడు, బిడ్డలు జీతంలో కొంత తెచ్చారు. రాత్రి డ్యూటీలో ఆ అమ్మాయి నరం దొరకని ముసలాయనకు ఓపికగా వెతికి ఎక్కించిన సెలైను మాత్రం ఏ బలిపీఠం ముందుకు వస్తుంది? క్రైస్తవ లోకం రెండు వేల ఏళ్లుగా ఈ ప్రశ్నను రకరకాలుగా అడుగుతూనే ఉంది. జవాబులు మారుతూ వచ్చాయి. కొన్ని జవాబులు ఎంత మేలు చేశాయో, కొన్ని అంత చేటు చేశాయి.

తెలుగు సంఘాల్లో ఎక్కువగా వినిపించే జవాబులు మూడు. ఆఫీసు సాక్ష్యం చెప్పే చోటు అన్నది ఒకటి. జీతంలో దశమ భాగం ఇస్తే ఆ ఉద్యోగం దేవునికి పనికొచ్చినట్టే అన్నది రెండోది. లంచం తీసుకోకు, అబద్ధం ఆడకు అన్నది మూడోది. మూడింటిలోనూ మంచి ఉంది, మూడో దానిలో చాలా ఉంది. కానీ మూడూ పని చుట్టూ తిరుగుతాయి తప్ప పని లోపలికి వెళ్లవు. పైపు అతికించడం, పద్దు రాయడం, పిల్లలకు భిన్నాలు నేర్పడం ఆరాధన అవుతాయా అని అడిగితే మూడింటి దగ్గరా సమాధానం లేదు. మన చర్చీల్లో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. పని కూడా ఆ చెప్పుల పక్కనే ఆగిపోతోంది.

దీనికి మన మాటలే కొంత కారణం. ‘ఫలానావాళ్ల అబ్బాయి ఉద్యోగం మానేసి సేవకు వచ్చాడు’ అంటారు. సేవకుడు అంటే పాస్టరుగారే. రైల్వే గ్యాంగ్‌మన్ చేసేది డ్యూటీ, బడిపంతులు చేసేది ఉద్యోగం, ‘పరిచర్య’ మాత్రం ప్రసంగ వేదిక మీదే. ఈ అలవాటు వెనక గొప్ప త్యాగాల కథలున్నాయి. ఇంజనీరింగ్ చదివిన బక్త్ సింగ్ ఆ దారి వదిలి సువార్త పనికి అంకితమై, 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను సంఘాన్ని నెలకొల్పిన కథ తెలుగు విశ్వాసుల ఇళ్లలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. ఆ పిలుపు నిజమైనది, ఆ జీవితం నిండైనది. వదలకుండా ఇంజనీరుగానే మిగిలిపోయిన వేలమందికి చెప్పుకోదగ్గ కథ లేకపోవడమే లోటు.

బైబిలు మాటల దగ్గరికి వెళ్తే సేవకూ ఉద్యోగానికీ మధ్య ఈ గీత అంత గట్టిగా కనిపించదు. హీబ్రూలో ‘అవోదా’ అన్న ఒకే మాట పొలం పనికీ, సేవకీ, ఆరాధనకీ చెల్లుతుంది. గ్రీకులో ఆరాధన క్రమానికి వాడుకలోకి వచ్చిన ‘లెయితూర్గియా’ మొదట్లో గుడి మాటే కాదు. ఊరి కోసం యుద్ధనావను సిద్ధం చేయించడం లాంటి పనిని సంపన్నుడు సొంత ఖర్చుతో చేస్తే దాన్ని ఆ పేరుతో పిలిచేవారు. దేవుని ఆత్మతో నిండినవాడని బైబిలు మొదటిసారి స్పష్టంగా చెప్పింది ప్రవక్త గురించీ కాదు, యాజకుడి గురించీ కాదు. నిర్గమకాండంలో కనిపించే బెసలేలు బంగారం, వెండి, ఇత్తడి, రత్నాలు, కొయ్య పనుల్లో ఆరితేరిన చేతిపనివాడు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. రోమా సంఘానికి రాసిన ఉత్తరంలో దేవునికి అర్పించమని ఆయన అడిగింది శరీరాన్ని. శరీరం వారంలో ఎక్కువ గంటలు గడిపేది పని చోటే.

లూకా సువార్త మూడో అధ్యాయంలోని ఒక సన్నివేశం మన ఆఫీసులకు మరీ దగ్గరగా ఉంటుంది. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు, సైనికులు వచ్చి తామేం చేయాలని అడుగుతారు. రోమా ప్రభుత్వానికి పన్ను వసూలు చేసే ఆ ఉద్యోగాన్ని జనం అసహ్యించుకునే కాలం అది. అయినా యోహాను ఉద్యోగం వదిలేయమనలేదు. విధించినదానికి మించి వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో బెదిరించి గుంజుకోవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. మారుమనస్సుకు ఆయన చూపిన గుర్తు రసీదు పుస్తకంలో కనిపించేది. ఫైలు కదలాలంటే చేయి తడపాల్సిన చోట, తడపనక్కర్లేకుండా ఫైలు కదిపే గుమాస్తా ఒక్కడుంటే ఊరందరికీ తెలుస్తుంది.

చరిత్రలో ఈ ఆలోచన ఎత్తుపల్లాలు చూసింది. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠానికి రాసిన నియమావళిలో చేతిపనికి గంటలు కేటాయించాడు. మఠంలోని గిన్నెలను, పనిముట్లను బలిపీఠం మీది పాత్రల్లా చూసుకోవాలని కొఠారు చూసే సన్యాసికి చెప్పాడు. అయినా మధ్యయుగాల్లో సన్యాసిది పై మెట్టు, చెప్పులు కుట్టేవాడిది కింది మెట్టు అన్న భావం గట్టిపడింది. 1520లో జర్మన్ ప్రభువులకు రాసిన పుస్తకంలో మార్టిన్ లూథర్ దాన్ని కూలదోశాడు. బిషప్పు, రైతు, కమ్మరి అందరూ ఒకే ఆత్మీయ వర్గం, తేడా చేసే పనిలోనే అన్నాడు. సన్యాసుల జీవితానికే పరిమితమైన ‘పిలుపు’ అన్న మాట ఆయన చేతిలో మామూలు వృత్తికి పేరైంది. పదిహేడో శతాబ్దపు పారిస్‌లో ఒక కార్మెల్ మఠం వంటింట్లో ఏళ్ల తరబడి వండిన బ్రదర్ లారెన్స్, గరిటె తిప్పుతూనే దేవుని సన్నిధిలో ఉండటం నేర్చుకున్నాడు.

ఇరవయ్యో శతాబ్దం నుంచి జరిగినవి దగ్గర దగ్గరగా వచ్చాయి. 1942లో ఇంగ్లండ్‌లో రచయిత్రి డరోతీ సేయర్స్ సంఘాన్ని గట్టిగా నిలదీసింది. వడ్రంగికి తాగొద్దని, ఆదివారం గుడికి రమ్మని చెప్పి ఊరుకుంటే చాలదు, అతని విశ్వాసం ముందుగా మంచి బల్ల చేయమని అడుగుతుంది అన్నది ఆమె వాదన. రెండో వాటికన్ మహాసభ 1964లో సామాన్య విశ్వాసుల రోజువారీ పని, సంసారం, అలసట అన్నీ ఆత్మీయ బలులే, అవి దివ్యబలిలో చేరతాయి అని రాసింది. కతోలికుల పూజలో అప్ప ద్రాక్షారసాలను అర్పించే ప్రార్థన చూసినా అదే కనిపిస్తుంది. భూమి ఇచ్చినదాన్నీ, మనుషుల చేతులు చేసినదాన్నీ కలిపే అర్పిస్తారు. బల్ల మీద ఉన్నది గోధుమ గింజ కాదు, రొట్టె. విసిరినవాడు, పిసికినవాడు, కాల్చినవాడు అప్పటికే అందులో ఉన్నారు. 2010లో కేప్‌టౌన్‌లో సమావేశమైన సువార్తిక క్రైస్తవుల లోసాన్ ఉద్యమం, పవిత్రం–లౌకికం అనే విభజన సంఘానికి హాని చేసిందని తన ప్రకటనలో ఒప్పుకుంది.

ఇంతవరకు చదివితే మంచి కథలాగే ఉంది. చిక్కు ఇక్కడి నుంచే.

ఏ పని చేసినా ప్రభువు కోసమే మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు రాసిన మాటను చాలా ఆఫీసుల్లో క్రైస్తవులు బల్ల మీద పెట్టుకుంటారు. ఆ మాట ఉద్యోగుల కోసం రాసింది కాదు. అది దాసులతో అన్నది. జీతం లేనివాడికి, మానేసే హక్కు లేనివాడికి చెప్పిన మాట. దాసుడికి అది లోపలి స్వేచ్ఛ ఇచ్చి ఉండవచ్చు. అదే మాట యజమాని నోట్లో పడితే కొరడా అవుతుంది, అమెరికా తోటల్లో అయింది కూడా. ఆ పత్రికలోనే నాలుగో అధ్యాయం మొదట్లో, దాసులకు న్యాయమైనదీ సమానమైనదీ ఇవ్వమని యజమానులకు చెప్పిన మాటను బల్ల మీద పెట్టుకున్న మేనేజరు అరుదు.

మన నేల మీద ఈ చిక్కు ఇంకా లోతు. అంబేడ్కర్ 1936లోనే కులం పనుల విభజన మాత్రమే కాదు, పనివాళ్ల విభజన కూడా అని తేల్చిచెప్పాడు. పుట్టుకే వృత్తిని రాసిపెట్టిన చోట, ‘నీ వృత్తి దేవుని పిలుపు’ అనడం ఎంత ప్రమాదం! యూరప్‌లో లూథర్ మాట చెప్పులు కుట్టేవాడి తల పైకెత్తింది. ఇక్కడ అదే మాటను ఆలోచించకుండా అప్పజెబితే అతన్ని అదే గుంటలో కూర్చోబెట్టినట్టవుతుంది.

ఒంగోలు ప్రాంతపు తొలి క్రైస్తవులు దీన్ని ఏ దైవశాస్త్ర గ్రంథం చదవకుండానే గ్రహించారు. 1866లో అక్కడికి వచ్చిన జాన్ ఎవరెట్ క్లో, మిషనరీ కాకముందు అమెరికాలో భూములు సర్వే చేసే పనిలో ఉన్నవాడు. ఆయన దగ్గరికి తొలుత వచ్చినవారిలో తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. ఆయన వెంట మాదిగ పల్లెలు కదిలాయి. అప్పటి ఊరి కట్టుబాటులో మాదిగల పని అంటే చచ్చిన పశువును ఎత్తడం, తోలు ఊనడం, చెప్పులు కుట్టడం, మోటలకు తోలు బానలు చేయడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిస్తే వెట్టికి పోవడం. కళ్లంలో పెట్టే గింజలే కూలి. కొత్త విశ్వాసుల ముందు ఉంచిన నియమాలు తేలికగా గుర్తుండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

మొదటి నియమం బయటివారికి భక్తి ఆచారంలా కనిపిస్తుంది. ఆ పల్లెలో అది పిడుగు. ‘ఈ రోజు రాను’ అని ఊరితో అనే హక్కు తరతరాలుగా ఏ మాదిగకూ లేదు. వారంలో ఒక రోజు తన శరీరం తనది, తన దేవునిది అని అతను చెప్పాడు. ఊరి పెద్దలు కన్నెర్రజేశారు, విశ్వాసులు దెబ్బలూ తిన్నారు, పని పోయిందీ ఉంది. తెలుగు నేల మీద పనికీ ఆరాధనకూ ముడిపెట్టిన తొలి పెద్ద అధ్యాయం పని చేయడంతో కాదు, పని ఆపడంతో మొదలైంది. ఈ విషయం మీద ఇప్పుడు వస్తున్న పుస్తకాల్లో, సెమినార్లలో దీని ఊసు లేకపోవడం బాధ కలిగించే సంగతి.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లో తన పాత సర్వే విద్యను బయటికి తీసి, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవారికి ఉచితంగా గంజి పోయడం కంటే కూలి ఇచ్చే పని పెట్టడం మేలనుకున్నాడు. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పని సాగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సభలో ఆ అంకెను తలచుకోని ప్రసంగీకుడు ఉండడు. కొలత గొలుసు, తట్టా పార, రోజు కూలి లెక్క గురించి కూడా చెప్తే ఆ కథ ఇంకా నిండుగా ఉంటుంది.

వృత్తి నైపుణ్యమే అర్పణ అయిన కథలూ మనకు తక్కువేం కాదు. ధవళేశ్వరం ఆనకట్టను (1847–52) కట్టిన ఆర్థర్ కాటన్ గట్టి విశ్వాసి. ఆయనకు కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న హిందువు. కాటన్ రాళ్ల సైజును, పునాది ఇసుకను, నీటి వేగాన్ని పట్టించుకున్నంత శ్రద్ధతో ఈ విషయాన్ని చూడాలి: ఆనకట్ట నిలిచింది భక్తి వల్ల మాత్రమే కాదు, లెక్క సరిపోవడం వల్ల. గుంటూరుకు 1883లో వచ్చిన ఆనా కుగ్లర్ డాక్టరు. పంపిన మిషను మొదట ఆమెను పరదా చాటున ఉండే (జెనానా) స్త్రీలకు చదువు చెప్పే పనికే నియమించింది. అప్పటికి వైద్యం చేయించడానికి బోర్డు సిద్ధంగా లేదు. ఆమె వైద్యం ఆపలేదు. 1898లో తెరిచిన ఆసుపత్రిని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. ఒంటిని, రక్తాన్ని ముట్టుకునే నర్సు పనిని అంటుగా చూసిన రోజుల్లో ఆ పనికి ముందుకొచ్చినవాళ్లలో క్రైస్తవ ఆడపిల్లలే ఎక్కువ.

అయితే మంచి ఉద్దేశమే చాలదని చెప్పే ఉదాహరణ కూడా పశ్చిమ గోదావరిలో ఉంది. నరసాపురం ప్రాంతంలో స్త్రీలకు లేసు అల్లిక నేర్పింది పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీలే. పేద స్త్రీలకు ఆసరాగా మొదలైన ఆ పని ఎగుమతి వ్యాపారమైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకంలో, గంటల తరబడి కళ్లు పోగొట్టుకునేలా అల్లే స్త్రీలను ‘తీరిక వేళ పని చేసుకునే గృహిణులు’గా లెక్కగట్టి, అతి తక్కువ కూలి ఇచ్చే తీరును బయటపెట్టింది. ఇంగ్లండ్‌లో క్వేకర్లైన క్యాడ్‌బరీలు కార్మికుల కోసం బోర్న్‌విల్‌లో తోటలతో ఇళ్లు కట్టించారు. అదే కంపెనీ కొన్న కోకో సావోటోమే దీవుల్లో బానిసల్లాంటి కూలీల చేతుల మీదుగా వచ్చేదని తెలిశాక, ఆ కొనుగోలు ఆపడానికి 1909 దాకా పట్టింది. పనిని దేవునికి అర్పిస్తున్నామనేవారు సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి ఎంత ముట్టింది అన్న లెక్క కూడా అర్పించాలి. కూలివాడి కూలి రాత్రంతా నీ దగ్గర ఉంచుకోవద్దని, తూకపు రాళ్లు సరిగా ఉండాలని లేవీయకాండం ఒకే అధ్యాయంలో చెప్తుంది. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞ ఉన్నదీ ఆ అధ్యాయంలోనే.

తెలుగు ఉద్యోగుల విషయంలో మరో ముడి ఉంది, దాని గురించి వేదికల మీద మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట దాదాపుగా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. పల్లెలో అంటరానితనం చర్చి గేటు దగ్గర ఆగదు, కాగితం మీద మాత్రం ఆగిపోతుంది. అందువల్ల ఎందరో ఆదివారం ఒక పేరుతో, సోమవారం సర్వీసు రిజిస్టరులో మరో పేరుతో బతుకుతున్నారు. ‘ఆఫీసులో నీ విశ్వాసాన్ని ధైర్యంగా చూపించు’ అని విదేశీ పుస్తకం చెప్పే సలహా వీళ్లకు అక్కరకు రాదు. వాళ్ల నిజాయితీని ప్రశ్నించే ముందు, వాళ్లను ఆ ఇరుకులోకి నెట్టిన అన్యాయాన్ని ప్రశ్నించడం సంఘం బాధ్యత.

‘పనే దైవం’ అని మనం తేలిగ్గా అంటాం. ఈ మాటలో గౌరవం ఉంది. క్రైస్తవ ఆలోచన ఇక్కడ ఒక అడుగు పక్కకు వేస్తుంది. పని దైవం కాదు, దైవానికి అర్పించేది. పని దైవమైపోతే అది నిద్రను, పిల్లలను, ఒంటిని బలి అడుగుతుంది. అమెరికా గడియారం ప్రకారం రాత్రంతా మేలుకుని, ఆదివారం ఆరాధనలో కూడా ఫోను మోగుతుందేమోనని జేబు తడుముకునే ఐటీ కుర్రవాడికి ఒంగోలు మాదిగ పెద్దలు నేర్పగలిగేది చాలా ఉంది. నర్సుకు, కండక్టరుకు ఆదివారం సెలవు రాకపోవచ్చు. యేసు విశ్రాంతి దినాన స్వస్థపరిచాడు గనుక వాళ్లకు అది పాపం కాదు. వాళ్లకు వారంలో మరో రోజు విశ్రాంతి దొరికేలా డ్యూటీ చార్టు వేసే అధికారి, ఆ చార్టు కాగితం మీదే ఆరాధన చేస్తున్నాడు.

చెప్పుల దగ్గర ఆగిన పని లోపలికి వచ్చిన చోటు ఒకటి చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోనే ఉంది. 1946లో వెల్లూరు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్, వైద్యం చదవకముందు ఇళ్లు కట్టే పని, వడ్రంగం నేర్చుకున్నవాడు. కుష్ఠు రోగుల వేళ్లు కుళ్లి రాలిపోవడం లేదు, నొప్పి తెలియక దెబ్బలు తగిలి పోతున్నాయి అని ఆయన తేల్చాడు. ముడుచుకుపోయిన చేతుల్లో స్నాయువులను మార్చి కుట్టి మళ్లీ పిడికిలి బిగించేలా చేశాడు. బాగైన చేతులతో బయటికి వెళ్లినవారికి బిచ్చం కూడా సరిగా పుట్టలేదు, పని ఎవరూ ఇవ్వలేదు. అందుకే మెడికల్ కాలేజీ ఆవరణలో నవజీవ నిలయం పేరుతో గుడిసెలు వేసి, కొయ్య బొమ్మలు చేయడం నేర్పారు. ఆయన దగ్గర పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చుని రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత అక్కడే పునరావాస వైద్య విభాగాన్ని నడిపింది.

చేతులు బాగయ్యాక పాదాలు మిగిలాయి. స్పర్శ లేని పాదానికి మామూలు చెప్పే శత్రువు. లోపలికి పొడుచుకొచ్చిన మేకు తెలియదు, పుండు పడేదాకా నడుస్తూనే ఉంటారు. అందుకోసం వెల్లూరులో, పక్కనే కరిగిరిలో మెత్తటి రబ్బరు అట్టలతో ప్రత్యేకమైన చెప్పులు తయారుచేయడం మొదలైంది. చెప్పులు కుట్టే పనివాడు ఆసుపత్రి లోపలికి వచ్చి, సర్జన్ పక్కనే కూర్చుని, రోగి పాదాన్ని తన చేతుల్లోకి తీసుకుని, కాగితం మీద పెన్సిలుతో చుట్టూ గీత గీస్తాడు. ఎక్కడ ఒత్తిడి పడుతుందో వేలితో నొక్కి చూస్తాడు. అట్ట కోసి, పట్టీ కుట్టి, ఒక్క మేకు కూడా వాడకుండా అతికిస్తాడు. చివరికి లోపలికి చేయి పెట్టి, ఎక్కడా గరుకు తగలడం లేదని తన చర్మంతో తనే నిర్ధారించుకుని, అప్పుడు ఆ చెప్పు రోగి కాలికి తొడుగుతాడు.